రెండు రేడియేటర్లూ మూడొందల అప్పడాలూ

వీధిలోంచి బయల్దేరిన కేక వానలో తడిసి, మూడో అంతస్తు ఎక్కేసరికి ముద్దయిపోయింది. బాల్కనీలో పిండి చేతులతో నిలబడ్డ సుధామణి చెవిలో అది ఇలా పడింది:

"అంకుల్! రెడీ ఏట్రా!"

సుధామణి గిరుక్కున లోపలికి తిరిగింది.

"విన్నావా మణి నాన్నా? పిల్లనడగడానికి ఒచ్చినోడు నిన్ను పట్టుకుని 'రెడీ ఏట్రా' అంటన్నాడు! ఇప్పుడే 'ఏట్రా' అయితే, పెళ్లయ్యాక ఇంకేటంటాడో!"

మంగరాజు టీ గ్లాసు దింపాడు. "'రా' అన్నాడంటే గౌరవమే కదే. పొమ్మనలేదుగా."

"నీ ఎకసెక్కాలు పిండిలో కలపనేటి? లేచి సూడు!"

లుంగీ బిగించి బాల్కనీలోంచి కిందికి తొంగిచూశాడాయన. వీధిలో సైకిల్ రిక్షా పక్కన ఫ్రాంక్లిన్ నిలబడి ఉన్నాడు. తను నిలువునా తడుస్తూ, రిక్షాలోని సామానుకి మాత్రం ప్లాస్టిక్ పట్టా కప్పాడు. తలెత్తి, నోటి చుట్టూ చేతులు పెట్టి మళ్లీ అరిచాడు.

"రేడియేటరు, అంకుల్! రేడియేటరు తెచ్చాను!"

మంగరాజుకి నవ్వు ఆగలేదు. లోపల గదిలో బుగ్గలకి బర్మావాళ్ల తనకా చెక్క గంధం రాసుకుంటున్న మణిమాల కూడా పడీపడీ నవ్వింది. ఇండియాలో ఇళ్లు తనఖా పెడతారు, ఇక్కడ బుగ్గలకి తనకా పెడతారు అని ఆయన ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ కొన్ని వందలసార్లు అనుంటాడు. అన్నిసార్లూ నవ్వింది. ఆ ఇంట్లో ఆయన మాటలకి నవ్వే మనిషి ఆ పిల్ల ఒక్కతే.

రంగూనులో రేడియేటరేమిటని నవ్వేవాళ్లు నవ్వచ్చు. ఊరికే కూర్చుంటేనే చొక్కా తడిసే ఊళ్లో గది వేడిచేసే మిషనెవరిక్కావాలి? అప్పడాలు చేసేవాళ్లకి కావాలి. జూన్‌లో మొదలైన వాన అక్టోబరు దాకా వదలదు. అన్నాళ్లూ ఎండ లేకుండా ఎండబెట్టాలి. అందుకే మంగరాజు తండ్రి ఎప్పుడో చలి ఊరు కలా కొండల మీద ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక దొర దగ్గర్నుంచి నూనె రేడియేటరొకటి కొని తెచ్చాడు. పదకొండు ఇనప రెక్కలు, లోపల నూనె, నలుగురు పడితే గాని కదలని బరువు. దాని పేరు ఏనుగు. సుధామణి అత్త వెంకటరత్నమ్మ దాని పక్కనే చాప వేసుకుని అప్పడం ఒత్తేది. పోయేముందు తాళాలతో పాటు ఏనుగునీ కోడలికి అప్పగించింది. పజుండౌంగ్ పేటలోని తెలుగు వీధుల్లో వానాకాలం పెళ్లిళ్లన్నిటికీ అప్పడం ఏనుగు వేడి మీద ఆరిందే.

ఆ ఏనుగే క్రితం వారం మణిమాలకి షాకిచ్చింది. సంగతి తెలిసి ఫ్రాంక్లిన్ కొత్తది తెచ్చాడు. నది అవతల తన్లిన్‌లో ఉంటాడు, హోటళ్ల ఏసీలు, హీటర్లు బాగుచేస్తాడు. ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో గిటారు వాయిస్తాడు. మణిమాలకీ అతనికీ రెండేళ్ల పరిచయం. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఇంట్లో మాత్రం మాట కుదరలేదు.

రేడియేటరు తెల్లగా, సన్నగా, పెళ్లికూతురి బీరువాలా ఉంది. మెట్ల మీదుగా ఒక్కడే మోసుకొచ్చాడు. అదే సుధామణికి అనుమానమైపోయింది.

"ఇంత తేలికేటి? దీనికి వేడెక్కడ పుడతాది?"

"రెండూ పదిహేనొందల వాట్లే ఆంటీ. వేడి రెండూ సమానమే ఇస్తాయి. దీనికి షాకు కొట్టదు. కింద పడితే దానంతటదే ఆగిపోతాది."

"సమానమా? మా అత్తగారి ఏనుగూ, ఈ తెల్ల మేకా సమానమేటి?"

"ఏనుగుకి వైరు తొడుగు కాలిపోయుంది ఆంటీ..."

"అమ్మా, చెయ్యి ఝుమ్మంది నాకు! నీకూ రెండుసార్లు కొట్టింది, చెప్పలేదంతే," అంది మణిమాల.

"నాకు కొడితే నేను పడతాను. ముందు నువ్వా చర్చి మాట మానుకో."

"రేడియేటరు గురించి మాట్లాడుతుంటే చర్చి ఏటమ్మా!"

"అన్నీ ఒకటే! పాతది తియ్యి, కొత్తది పెట్టు. దేవుణ్ణి తియ్యి, దేవుణ్ణి పెట్టు!"

గది రేడియేటర్లు లేకుండానే కాగిపోయింది. మంగరాజుకి ఇలాంటప్పుడు తెలిసిన మందు ఒక్కటే. నోరు తెరిచాడు.

"గొడవెందుకే? పందెం పెట్టు. పాతదానికి నూటయాభై, కొత్తదానికి నూటయాభై అప్పడాలు. ఈ కుర్రాడి రేడియేటరు నెగ్గితే ముహూర్తం, ఓడితే నమస్కారం. రంగంలో పుట్టినోళ్లం, రంగంలోకి దిగడానికి భయమేటి?"

రంగూనుకి తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు రంగమే, ఆ మాటకైనా నవ్వుతారనుకున్నాడు. ఈసారి మణిమాల కూడా నవ్వలేదు. సుధామణి మాత్రం చీర చెంగు దోపింది.

"బాగుంది. అదే మాట. కో ఫ్రాంక్లిన్, నీకు సమ్మతమేనా?" అంది, పేరు ముందు బర్మావాళ్ల మర్యాదమాట 'కో' చేర్చి.

"ఆంటీ, సమానమొస్తేనో?"

"సమానమొచ్చినా నీదే నెగ్గినట్టు. ఓడితే మాత్రం మా పిల్ల మాట ఎత్తకూడదు."

ఫ్రాంక్లిన్ మణిమాల వైపు చూశాడు. "రెండూ పదిహేనొందలే," అన్నాడు మెల్లగా, బైబిలు మీద చెయ్యేసినంత ధీమాగా. మణిమాల కళ్లతోనే వద్దంది. ఆలోగా అతను తలూపేశాడు.

ఆ వారం వాళ్ల వీధికి కరెంటు వంతు పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. సరిగ్గా తొమ్మిదికి "మీ లాబీ!" అని వీధంతా ఒక్క గొంతుతో కేకేసింది, కరెంటొచ్చిందని. అప్పడాల గది మధ్యలో పరదా వేలాడదీశారు. ఏనుగు దాని పాత చోటే, కిటికీ పక్క ప్లగ్గులో. కొత్తది తలుపు మూల ప్లగ్గులో. పనిమనిషి శ్రీదేవి అటూ ఇటూ లెక్కపెట్టి వెదురు తడికెల మీద అప్పడాలు పరిచింది. ఆరిందీ లేనిదీ తేల్చడానికి ఆ ఇంటికొక పద్ధతుంది. అప్పడం అంచుని అరచేతి మీద ఆనిస్తే వాలకుండా నిలబడాలి. వాలితే పచ్చి. వెంకటరత్నమ్మ పెట్టిన పద్ధతది, దానికి అప్పీలు లేదు. గడువు పదకొండు గంటలు.

పదింటికి మంగరాజు గదిలోకి తొంగిచూశాడు. ఏనుగు రెక్కలు చెయ్యి పెడితే చురుక్కుమంటున్నాయి. కొత్తది వెచ్చగా ఉంది, అంతే, జ్వరం తగ్గిన పిల్లాడి నుదురులా. ఆశ్చర్యపోయి ఆయన గోడ వైపు చూశాడు.

గోడ మీద సేఫ్‌గార్డు ఉంది. రంగూనులో ప్రతి ఇంట్లోనూ ఉండే ఇనప పెట్టె అది. వీధి వోల్టేజి ఎంత పడిపోయినా, దాన్ని పైకి లేపి లోపలికి పంపుతుంది. సుధామణి లెక్కలో మాత్రం గార్డంటే గార్డే, పిడుగులు రాకుండా గుమ్మంలో కూర్చునే కాపలావాడు. ఇంట్లో దానికి ఇంకో పనుందని తెలిసింది మంగరాజుకే. కొన్నది ఆయనే మరి. ఓల్టేజి పడినా, ఓల్డేజి పడినా లేపడం కష్టమే అని ఆ రోజు షాపువాడితో జోకు కూడా వేశాడు.

పెట్టె మీద రెండు ముళ్లున్నాయి. వీధిలోంచి వచ్చేది నూటయాభై అయిదు చూపిస్తోంది. లోపలికి పోయేది రెండొందల ఇరవై. ఆ లోపలికి పోయేది కిటికీ పక్క ప్లగ్గుకి మాత్రమే పోతుంది. తలుపు మూల ప్లగ్గు సరాసరి వీధి తీగ మీద ఉంది. దానికి ఫ్యాను పెడితే ఎద్దుబండి చక్రంలా తిరుగుతుందని ఆయనకి ఇరవై ఏళ్లుగా తెలుసు. అంత తక్కువ వోల్టేజికి రేడియేటరు సగం వేడి కూడా ఇవ్వదు.

అంటే పందెం పాతదానికీ కొత్తదానికీ కాదు. ప్లగ్గుకీ ప్లగ్గుకీ.

చెప్పాలని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అవతల గదిలో మణిమాల దేనికో నవ్వింది. ఆ నవ్వు బాగో నది వంతెన దాటి తన్లిన్ వెళ్లిపోతుందని ఆయనకి మొదటిసారి అర్థమైంది. ఇన్నాళ్లూ "నాకేం అభ్యంతరం లేదమ్మా, మీ అమ్మనడుగు" అంటూ వచ్చాడు. అమ్మ వద్దంటుందని తెలిసే అన్నాడు. పెళ్లాం కోపం వెనకాల తన భయాన్ని ఆరేసుకున్నాడు.

పరదా పక్కకి జరిగింది. ఫ్రాంక్లిన్ కొత్తదాని రెక్క మీద చెయ్యి పెట్టి చూశాడు. సేఫ్‌గార్డు వైపు చూశాడు. దాన్నుంచి గోడ వెంబడి పాకిన వైరుని కళ్లతో వెతుక్కుంటూ వెళ్లి, చివరికి మంగరాజు మొహం దగ్గర ఆగాడు.

మంగరాజు కిటికీలోంచి వాన చూశాడు.

పదకొండింటికి లెక్క తేలింది. ఏనుగు వైపు నూటనలభై ఒక్క అప్పడాలు అరచేతి మీద సిపాయిల్లా నిలబడ్డాయి. కొత్తదాని వైపు నిలబడినవి యాభై ఎనిమిది. మిగతావన్నీ తల వాల్చేశాయి.

"చూశావా? వాట్లు సమానమైతే సరిపోతాదేటి, ఓట్లు పడద్దూ!" అంది సుధామణి. అన్నేళ్ల కాపురంలో మొగుడి మాదిరి మాట ఆమె నోట రావడం అదే మొదలు. బాల్కనీలోకి వెళ్లి ఎదురింటి బర్మా ఆవిడ దో తిన్ లాకి బర్మాలో కేకేసి చెప్పింది, మా ముసల్ది నెగ్గిందని. వీధిలో నాలుగు బాల్కనీలు చప్పట్లు కొట్టాయి.

ఫ్రాంక్లిన్ తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

"దీన్ని ఇక్కడే ఉంచండి, ఆంటీ. పాతదాని వైరు మార్చేదాకా దాన్ని తడిచేత్తో ముట్టుకోకండి." మణిమాలతో ఏదో అనబోయి, అనలేదు. మెట్లు దిగిపోయాడు.

మణిమాల ఏడవలేదు. పీట ముందు కూర్చుని అప్పడం ఒత్తడం మొదలుపెట్టింది. మంగరాజు ఆ అప్పడాల కర్ర చప్పుడుని అయిదు నిమిషాలు కూడా మొయ్యలేకపోయాడు.

"ఏనుగు మీద ఎలక నెగ్గుతాదేటి తల్లీ..."

"నాన్నా." ఆమె తలెత్తలేదు. "ఇవాళ వద్దు."

ఆయన గొడుగు కోసం వెతికాడు. కనిపించలేదు. అలాగే దిగిపోయాడు.

బస్టాపు రేకు కింద ఫ్రాంక్లిన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. తన్లిన్ బస్సింకా రాలేదు. మంగరాజు తల మీంచి నీళ్లు కారుతుండగా ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"చూశావు కదా ఆ పెట్టె?"

"చూశానంకుల్."

"నీ పనే కరెంటు పని. ఒక్క ముక్క చెప్పుంటే అయిపోయేది కదా? ఎందుకు చెప్పలేదు?"

బస్సొకటి నీళ్లు చిమ్ముతూ ఆగకుండా వెళ్లింది.

"మీరూ చూశారు కదంకుల్. చూసి, అటు తిరిగిపోయారు. ఆంటీకి తెలీదు, ఆవిడ కాదంటే ఇంకోలా చెప్పొచ్చు. మీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నారంటే అదే మీ జవాబనుకున్నాను. ఇంటి పెద్దాయన ఒద్దనుకున్నాక ప్లగ్గు మార్చి ఏటి లాభం?"

మంగరాజు కుర్రాడి సంచీ తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఒద్దనుకోలేదు బాబూ," అన్నాడు. "భయపడ్డాను. మణి వెళ్లిపోతే ఆ ఇంట్లో నాకెవరూ ఉండరని. నిన్ను చూసి కాదు. రా, పైకి రా. నేను చెప్తాను."

ఇద్దరూ తడిసి ముద్దై గుమ్మంలోకొచ్చేసరికి సుధామణి, శ్రీదేవి అప్పడాలు కట్టలు కడుతున్నారు. మంగరాజు చెప్పులు విప్పలేదు, తల తుడుచుకోలేదు. సేఫ్‌గార్డు ముందు నిలబడి రెండు ముళ్లూ చూపించి, ఏ ప్లగ్గుకి ఏది పోతుందో చెప్పాడు. పదింటికే చూశానని చెప్పాడు. ఒక్క ఛలోక్తి లేదు. అందుకే సుధామణికి మొదట నమ్మకం కుదరలేదు.

"అంటే ఇది గార్డు కాదేటి?"

"గార్డూ అవును. ఓల్టేజిని లేపేదీ ఇదే. ఏనుగుని ఇది లేపింది. ఇతని దాన్ని ఎవరూ లేపలేదు."

"నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి నన్ను బాల్కనీలోకి ఎల్లి అరవనిచ్చావు!" ఆమె చేతిలో కట్ట నేల మీద పడింది. "ఇన్నేళ్లలో నా కట్టలో ఒక్క అప్పడం తక్కువెట్టి అమ్మలేదయ్యా! పెళ్లివారింటికైనా గుడికైనా, లెక్క లెక్కే! నా ఇంట్లో, నా అత్తగారి పేరు మీద, దొంగ పందెం ఆడిస్తావేటి? ఆ పిల్లడికి చర్చి ఉన్నాదని నేను కాదన్నాను, మొహం మీదన్నాను. నువ్వేటన్నావు? నాకభ్యంతరం లేదన్నావు! మంచోడివి నువ్వు, గయ్యాళిని నేను!"

"అవునే," అన్నాడాయన. "అదే జరిగింది."

అప్పడాల కర్ర ఆగింది. మణిమాల లేచింది.

"ఒక్క నిమిషం. నాన్నకి తెలుసు, నోరు మూసుకున్నాడు. నీకూ తెలుసు కో ఫ్రాంక్లిన్, నువ్వూ నోరు మూసుకున్నావు. పెద్ద త్యాగం చేసినట్టు సంచీ సర్దుకుని వెళ్లిపోయావు. పందేనికి తలూపేముందు నన్నడిగావా? వెళ్లిపోయేముందు అడిగావా? మీ ముగ్గురి మధ్యలో నేనేటి, అప్పడమా? అరచేతిలో పెట్టి వాలిందో నిలబడిందో చూసుకోడానికి?"

ఫ్రాంక్లిన్ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సారీ," అన్నాడు ఫ్రాంక్లిన్. "నిన్నే ముందడగాల్సింది."

"నేను నీతో రావాలనుకుంటున్నాను. ఏ రేడియేటరు నెగ్గినా అదే అనేదాన్ని. అమ్మా, నువ్వూ విను. వెళ్లినా రోజూ పొద్దున్న బస్సెక్కి ఇక్కడికే వస్తాను. ఈ పని నాది. నాన్నా, ఏడవకు."

ఏడవట్లేదని, వాన నీళ్లని మంగరాజు అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

సుధామణి రెండు ముళ్లకేసీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఏనుగు ప్లగ్గు పీకబోయింది. ఫ్రాంక్లిన్ "ఆంటీ, వైరు!" అంటూ ముందుకొచ్చి, పొడి గుడ్డతో పట్టుకుని తనే పీకాడు. కొత్తదాన్ని కిటికీ పక్క ప్లగ్గులో పెట్టాడు. పావుగంటలో దాని తెల్ల రెక్కలు చురుక్కుమన్నాయి. సుధామణి వాలిపోయిన అప్పడాల్లోంచి ఇరవై ఏరి, దాని ముందు తనే పరిచి, పీట వేసుకుని కాపలా కూర్చుంది. ఒంటిగంటకి పది నిమిషాలుందనగా ఒకటి తీసి అరచేతి మీద ఆనించింది. నిలబడింది. ఇంకొకటి తీసింది. అదీ నిలబడింది. ఇరవైకి పద్దెనిమిది.

సరిగ్గా ఒంటిగంటకి కరెంటు పోయింది. కాసేపటికే కొత్తది చల్లబడింది. ఏనుగు మాత్రం ప్లగ్గు పీకి అంతసేపైనా ఇంకా గోరువెచ్చగా ఉంది.

"ఇదేటి మరి?" అంది సుధామణి, గొంతులో ఆశ దాచుకోలేక.

"ఇచ్చే వేడి రెండూ ఒకటే ఆంటీ. ఏనుగుకి ఇనుమూ నూనె కూడా ఎక్కువ, తీసుకున్న వేడిని లోపల పట్టి ఉంచుకుని కాసేపు మెల్లగా ఇస్తాది. మన కరెంటుకి రెండూ ఉండాలి. రేపు వైరు తెచ్చి మార్చేస్తాను."

"రేపు ఆదివారం కదా. నీకు చర్చి ఉండదేటి?"

"ఉంటాది."

"అయితే చర్చి అయ్యాకే రా." సుధామణి నేల మీది కట్ట తీసి దుమ్ము దులిపింది. "మీ అమ్మనీ తీసుకురా. భోజనం ఇక్కడే. ఆవిడకి వంకాయ పడతాదో లేదో అడిగి మణితో చెప్పు."

మణిమాల తల్లి భుజం మీద మొహం దాచుకుంది. సుధామణి పిండి చెయ్యి ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలీక, చివరికి కూతురి జుట్టు మీదే పెట్టేసింది.

కరెంటు పోతే రంగూనులో ఎవరూ ఇంట్లో ఉండరు, అందరూ బాల్కనీల్లోకొస్తారు. ఎదురింటి దో తిన్ లా విసనకర్రతో వచ్చి నిలబడింది. ఇటు గుంపుగా ఉన్నవాళ్లని, వాళ్ల మధ్యలో ఓడిపోయిన కుర్రాణ్ణి చూసి వీధి అవతల్నుంచి అరిచింది: ఓడినవాడు మళ్లీ ఎందుకొచ్చాడూ?

సుధామణి నోరు తెరిచింది. మంగరాజు ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

"నేను చెప్తానే."

కమ్మీ పట్టుకుని ముందుకి వంగాడు. వీధిలో అందరికీ వినపడేలా, ముందు బర్మాలో, తర్వాత పక్కింటి తెలుగువాళ్ల కోసం తెలుగులో చెప్పాడు. ఆ కుర్రాడు ఓడిపోలేదు. రెండు రేడియేటర్లూ సమానమే. ఒకదానికి నిండు కరెంటు, ఇంకోదానికి సగం కరెంటు ఇచ్చాం. నా భార్యకి తెలీదు. కుర్రాడు నా మొహం చూసి ఊరుకున్నాడు. నాకు తెలుసు, తెలిసే చెప్పలేదు. కూతుర్ని పంపడానికి భయమేసింది.

పై అంతస్తు ముసలాయన, సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి చెప్పమన్నాడు.

మంగరాజు ఇంకోసారి చెప్పాడు. చెప్తుంటే వెనకనుంచి సుధామణి తువ్వాలు తెచ్చి, ఆయన తడి తల మీద వేసి గట్టిగా తుడవడం మొదలెట్టింది.